రెండేళ్ళ ఖాళీలో ఏం రాయాలి

ప్రియమైన అక్కకి,

నువ్వు చెప్పిన వెబ్‌సైట్ మొదలుపెట్టాను. తల ప్రాణం తోకకొచ్చింది. నేను చేసిన బీరువాల ఫొటోలు ఎక్కిస్తే అన్నీ అడ్డంగా పడుకున్నాయి. వాటిని లేపడానికి బీరువా చేసినంత కష్టమైంది. 'నా గురించి' అన్నచోట 'వడ్రంగిని' అని రాసి, ఇంకేం తోచక చాలాసేపు గోళ్ళు కొరుక్కున్నాను.

అసలు చిక్కు అనుభవం దగ్గర వచ్చింది. నాన్నకి మతిమరుపు ముదిరాక నేను పని మానేసి రెండేళ్ళయింది కదా, ఆ రెండేళ్ళలో ఏం రాయను? వడ్రంగి కోసం చూస్తున్న కొత్త కార్ఖానా ఆవిడ ఈ వారమే సైటు చూస్తానంది. ఇది కూడా తప్పిపోతే నా చేతులు పని మర్చిపోతాయేమోనని భయంగా ఉంది. పని దొరికితే నాన్న సంగతి అప్పుడు చూద్దామన్నావు. సరే.

నీ తమ్ముడు

ఒరేయ్ తమ్ముడూ,

సైటు చూశాను. బీరువాలు బాగున్నాయి, ఒకటి మాత్రం ఇంకా లేవలేదు. ఫొటోలో నీ మొహం ఎవరో తిట్టి కూర్చోబెట్టినట్టుంది, మార్చు.

ఇలాంటివి చదివి మనుషుల్ని పిలిచే ఉద్యోగం నాది కాబట్టి చెబుతున్నాను. ఖాళీ కనపడనివ్వకు. కనపడితే మావాళ్ళు చదవడం అక్కడే ఆపేస్తారు. ఏదో ఒకటి రాసి నింపు. కింద, నీ పని దగ్గరగా చూసిన పెద్దమనిషి ఎవరిదైనా ఫోన్ నంబరు పెట్టు. నాన్న సరిగ్గా తింటున్నారా?

ప్రేమతో, అక్క

తమ్ముడూ,

నీకేమైనా మతి పోయిందా? అనుభవం దగ్గర సైటులో ఆ రాతేమిటి? 'విశ్రాంత బస్ డిపో మేనేజరు గారి ఇంట్లో సహాయకుడు, రెండేళ్ళు. స్నానం చేయించడం, గడ్డం గీయడం, బయటికి వెళ్ళిపోతే వెతికి తీసుకురావడం.' ఆ మేనేజరు గారు మన నాన్నే కదరా. పైగా కింద పెట్టిన నంబరూ ఆయనదే. నవ్వాలో ఏడవాలో తెలియక సీట్లో తల పట్టుకుని కూర్చున్నాను.

వెంటనే తీసేయ్. ఆవిడ ఫోన్ చేస్తే నాన్న ఏమంటారో ఆలోచించావా?

అక్క

ప్రియమైన అక్కా,

తీసేలోపే ఆవిడ చేసింది. నేను వంటింట్లో ఉన్నాను, ఫోన్ నాన్న ఎత్తారు. నన్ను తిట్టకు. నింపమన్నది నువ్వే. ఈ రెండేళ్ళూ నా పని చూసినవాళ్ళు ఆయన కాక ఇంకెవరున్నారు?

నాన్న నిటారుగా కూర్చుని డిపోలో మాట్లాడే గొంతుతో చెప్పారు. "అవునమ్మా, మా దగ్గరే చేస్తున్నాడు. పేరు నోటికి రావడం లేదు. నేనెంత కసురుకున్నా మాట తూలడు." ఆవిడ ఏదో అడిగింది. "తీసుకెళ్ళండి, మంచి కుర్రాడు, నేను అడ్డుపడను. కాకపోతే మా అబ్బాయి వచ్చేదాకా ఆగమనండి. వాడొస్తే నన్ను చూసుకుంటాడు."

అప్పటికి నేను వంటింటి గుమ్మంలోకి వచ్చాను అక్కా. ఎదురుగా ఉన్నాను, ఆయన నావైపే చూస్తూ అన్నారు.

తర్వాత ఆవిడ నాతో మాట్లాడింది. పని నాకే ఇస్తుందట. "ఇంతకీ వాళ్ళబ్బాయి ఎప్పుడొస్తాడు?" అని అడిగింది. కనుక్కుని చెబుతానన్నాను.

నువ్వే చెప్పు, ఏం చెప్పను?

నీ తమ్ముడు

నా తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత లోపలికి వెళ్ళి, ఇంటి నుంచి పని చేస్తానని అడిగాను. మొహం మాడ్చుకునే ఒప్పుకున్నారు. ఎన్నాళ్ళు ఒప్పుకుంటారో నాకూ తెలీదు.

ఆదివారానికి వస్తున్నాను. సోమవారం చేరతానని ఆవిడకి చెప్పేయ్. ఆ అబ్బాయి నువ్వేనని కూడా చెప్పు, ఆవిడ ఏమీ అనుకోదు. సైటులో రాసింది మాత్రం తీయకు.

నాన్న నన్నూ గుర్తుపట్టరు, నాకు తెలుసు. నీ బదులు కొత్త మనిషి వచ్చిందని చెప్పి పరిచయం చెయ్యి. మొదటి రోజు కాస్త దగ్గరుండి పని నేర్పు. నాకు ఇందులో అనుభవం లేదు.

నీ అక్క