పన్నెండు గంటల పరగడుపు

సోమవారం, సాయంత్రం 6.00
ఆరో నెల నిండింది. షుగర్ పరీక్ష గురువారం. పదకొండేళ్లుగా ల్యాబ్‌లో రక్తం తీస్తున్నాను. పరగడుపున రమ్మంటే టీ తాగి వచ్చే గర్భిణులకు నేనంటే హడల్. ఎంతమందిని వెనక్కి పంపానో. ఎనిమిది గంటలు చాలని చీటీలో ఉంటుంది. నేను పన్నెండు ఉంటాను. చూసి నేర్చుకుంటారు.
ఇవాళ్టి నుంచే సాధన. రాత్రి ఏడున్నరకల్లా భోజనం ముగించాలి.

మంగళవారం
ఉదయం 5.50: లేచాను. హాయిగా ఉంది.
6.20: చేతుల్లో సన్నటి వణుకు.
6.30: మా ఆయన పళ్లు తోముకునే చప్పుడుకి కోపం వచ్చింది.
6.40: మూడు బిస్కెట్లు. సాధనే కదా, లెక్కలోకి రాదు.

బుధవారం
ఉదయం 6.15కి అత్తయ్య వంటింట్లో పట్టుకుంది.
"మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఏమిటే ఈ మొండితనం?"
"పరీక్ష అత్తయ్యా."
"పరీక్ష రేపు కదా. ఇవాళెందుకు మాడటం?"
అరటిపండు తిన్నాను. అసలుది రేపే. రేపు చూపిస్తాను.

గురువారం
7.30: ల్యాబ్‌లోనే ఉన్నాను. పన్నెండు గంటలు పూర్తి. "అక్కా, ముందు మీది తీసేస్తాను" అంది నా జూనియర్. "వరసలోనే వస్తాలే" అన్నాను, నలుగురికీ వినబడేలా. ముందు పద్నాలుగు మంది.
8.10: కళ్లు బైర్లు కమ్మాయి. పక్కనున్న నిండు చూలాలు నన్ను కూర్చోబెట్టి తన జ్యూస్ డబ్బా నోటికి అందించింది. గుటగుటా తాగేశాను. పరీక్ష గోవిందా.
9.00: డాక్టరమ్మ నా మూత్రం పరీక్షించింది. స్ట్రిప్ ముదురు ఊదారంగుకి తిరిగింది. కీటోన్లు.
"నువ్వు తిన్నా తినకపోయినా బిడ్డ నీ రక్తంలోంచి గ్లూకోజ్ తీసుకుంటూనే ఉంటుంది. అందుకే పస్తుంటే మిగతావాళ్లకన్నా త్వరగా నీ చక్కెర దిగిపోతుంది. ఒళ్లు కొవ్వు కరిగించుకుని బండి లాగిస్తుంది. ఈ రంగు అదే. ఇన్నేళ్లుగా ఈ స్ట్రిప్పులు చూస్తున్నావు, తెలీదా?"
"తెలుసు మేడమ్. నాకూ వర్తిస్తుందనుకోలేదు."
ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
"బిడ్డకేమైనా అవుతుందా?"
"ఒక్క పూటకి ఏం కాదు. మళ్లీ ఈ వీరత్వం మాత్రం వద్దు. సోమవారం రా. ఎనిమిది గంటలు చాలు."

శుక్రవారం
డ్యూటీలో గంటగంటకీ ఏదో ఒకటి తిన్నాను. ఒకావిడ పాలు తాగి వచ్చింది. తిట్టలేదు. రేపు రమ్మని, అందరికన్నా ముందు ఆవిడ పేరే రాశాను. జూనియర్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమోనని చూసింది.

ఆదివారం, సాయంత్రం 7.00
రేపు ఉదయం ఏడింటికి పరీక్ష. పడుకునే ముందు పదకొండింటికి గ్లాసుడు పాలు తాగుతాను. అప్పటినుంచి ఎనిమిది గంటలు. అక్షరాలా పాటిస్తాను.
పాలు మానేసి తొమ్మిదో, పదో చేస్తే మాత్రం ఏమవుతుంది?
కడుపులో గట్టిగా ఒక తన్ను తగిలింది.
సరే. ఎనిమిదే.