అడిగేవాళ్ళు లేని దేశం

బావగారికి నమస్కారాలతో,

ఫోన్‌లో మాట్లాడితే పక్కగదిలో ఉన్న మీ తమ్ముడికి వినబడుతుందని ఇలా రాస్తున్నాను. ఆయన జాబ్ పోయి నెల దాటింది. మీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు.

మొదట్లో ఇంటర్వ్యూలకి ప్రిపేర్ అయ్యేవారు. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు ఐస్‌లాండ్ గురించే చదువుతున్నారు. అక్కడ సైన్యం లేదట, రైళ్ళు లేవట, షవర్‌లో వేడినీళ్ళు కోడిగుడ్డు వాసన వేస్తాయట. అక్కడ జాబ్ చూస్తున్నారేమో అనుకుని, "మనకి అక్కడ ఎవరున్నారండీ?" అని అడిగాను.

"ఎవరూ లేరు. జాబ్ ఏమైందని అడిగేవాడు ఒక్కడూ ఉండడు" అన్నారు.

దేశం కాని దేశం వచ్చినా, ఇక్కడ ట్రాయ్‌లో మనవాళ్ళు బర్త్‌డే పార్టీలో కూడా ముందు అదే అడుగుతారు. అందుకే ఎక్కడికీ వెళ్ళడం లేదు.

నిన్న మాత్రం నాకు భయమేసింది. ఆ దేశంలో చాలామందికి ఇంటిపేర్లు ఉండవట. తండ్రి పేరుకే కొడుకనో కూతురనో చేర్చుకుంటారట. "తల్లి పేరైనా పెట్టుకోవచ్చట. మన అలేఖ్యకి నీ పేరు చాలు, నాది అక్కర్లేదు" అన్నారు, పప్పన్నం కలుపుకుంటూ, మామూలుగానే. కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

హెర్న్‌డన్ నుంచి ఒక్కసారి బయల్దేరి రండి. నేను రాశానని చెప్పకండి. త్వరగా జాబ్ దొరక్కపోతే వీసా పోతుందన్న సంగతి ఎత్తకండి. ఐస్‌లాండ్ గురించి అడగండి, ఎంతసేపైనా చెబుతారు. చివర్లో, ఆ దేశానికి మేం ముగ్గురం వెళ్తున్నామో, తనొక్కరే వెళ్తున్నారో కూడా మీరే అడగండి. నాకు ధైర్యం చాలడం లేదు.

మీ మరదలు