యజమాని భార్య

రెజైనా, కెనడా. బుధవారం.

హిస్టరీ అసైన్‌మెంట్ కోసం పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ పత్రికాధిపతి ఒకాయన కుటుంబ చరిత్ర చదివాను. ఆయన మంచాన పడ్డ ఆరేళ్లూ పేపర్ నడిపింది భార్యే. ఆమె పోతే అదే పేపర్లో రెండు లైన్లు వేయించాడు, యజమాని భార్య మృతి అని. పేరు కూడా లేదు. ఒళ్లు మండిపోయింది.

మేం అద్దెకుంటున్న బేస్‌మెంట్‌కి రాగానే రూమ్‌మేట్ సౌమ్య దగ్గర ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

"సర్లేవే, ముందు తిను. పైనుంచి ఓనర్ ఆంటీ పులిహోర పంపింది," అంది.

రెండు ముద్దలు తిన్నాక అనుమానం వచ్చింది. "ఆంటీ పేరేంటే?"

"ఏమో. ఓనర్ ఆంటీ అనే సేవ్ చేసుకున్నా."

నా ఫోన్లోనూ అంతే. ఏడాదిన్నరగా ఈ ఇంట్లోనే ఉంటున్నాం. నాకు జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి తెచ్చిందావిడ.

గిన్నె ఇవ్వడానికి పైకెళ్లి కూడా అడగలేకపోయాను. "థాంక్స్ ఆంటీ" అనేసి దిగొచ్చాను. ఛీ.