రెక్క గీతలే ఇంటిపేరు

మల్లేశన్నా,

నువ్వున్న కాడ ఈగలున్నయో లేవో గని, నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నువ్వు పనిచేసిన కాలేజీల పాత సామాను పారేస్తున్నరని తెలిసి, పటాన్‌చెరు కంపెనీల సెలవు పెట్టి, నీ ఈగల పెట్టె కోసం సంగారెడ్డికి ఉరికిన.

జంతుశాస్త్రం చెప్పే కొత్త మేడం అప్పటికే భూతద్దం పెట్టి ఒక్కొక్క ఈగను చూస్తున్నది. రెక్కల గీతలను బట్టి నువ్వు వాటిని వరుసల్లో గుచ్చినవ్. అన్నిటికి పైన, చెట్టుబంకల చిక్కి రాయైన పాతకాలపు ఈగ బొమ్మ అంటించినవ్. "బతికున్నయి, రాయైనయి ఒకే ఇంటోల్లురా, గీతలే ఇంటిపేరు" అంటుంటివి.

"ఈయన ఏం చదివారు?" అన్నది మేడం.

"ల్యాబుల సీసాలు కడిగేటోడు మేడం. నాకంటె ఒక్క క్లాసు ఎక్కువ."

"ఇప్పటిదాకా చూసినవాటిలో ఒక్క ఈగ కూడా తప్పు వరుసలో లేదు. పెట్టె పారేయనివ్వను."

అప్పుడు యాదికొచ్చింది. ఒకసారి నేను ఒక ఈగ ఒంటికి ఇంకో ఈగ రెక్కలు అతికించి, "కొత్త జాతి దొరికిందన్నా" అని నీకిచ్చిన. నువ్వు దాన్ని తీస్కొని పెట్టెల పెట్టినవ్. నిన్ను బురిడీ కొట్టించిన అని ఇన్నేండ్లు అందరికి చెప్పుకున్న. ఇప్పుడు మేడం దాన్ని చూస్తే నీ పేరు పోతది.

చూడనే చూసింది. మూలకున్న ఆ ఈగ కింద చీటీ చదివి పక్కున నవ్వింది. నీ రాతే:

"రెక్కలొక ఇంటివి, ఒళ్లొక ఇంటిది. అతికించినోడు మా యాదగిరి. పారేయొద్దు."