పాయింట్ ఆరు దగ్గర బతికిన చెట్టు

ఏవండీ, రంపం వాళ్ళొస్తే వెనక్కి పంపించేయండి. అత్తయ్యగారు పెరట్లో పాతిన టెంక నుంచి మొలిచిన మామిడిచెట్టుని కొట్టక్కర్లేదు.

కాయ ఆరు వందల గ్రాములన్నా తూగితేనే ఉంచుదామన్నారు కదా. నిన్న మీరు ఉత్త చేతులతో బరువు మిషనెక్కితే 64 కేజీలు, కాయ పట్టుకుని ఎక్కితే 64.6. తేడా సరిగ్గా ఆరు వందలే. అయినా మీ ఎక్సెల్ షీటు 'కొట్టేయాలి' అంది. మీరు దాని మాటే నమ్మారు.

పొద్దున్నే దశాంశాలు పెంచి చూశాను. పైకి 0.6 అని చూపిస్తూ లోపల 0.599999999999994 అని పెట్టుకుంది. కంప్యూటర్ తీసివేతల్లో అలా వెంట్రుకవాసి తేడా వస్తుందట. రౌండ్ ఫంక్షన్ పెట్టగానే 'ఉంచాలి' అని మారింది. ఒక్కదాన్నే నవ్వుకుంటూ వంటింట్లో రెండు చుట్లు తిరిగేసరికి పాలు పొంగిపోయాయి. పొయ్యి తుడవలేదు, కాస్త చూడండి.

నేను ముసునూరు నర్సరీకి వెళ్తున్నాను. మన చెట్టు కొమ్మలతో అంట్లు కట్టడానికి పది మొక్కలు తెస్తాను.

కీర్తిప్రియ

ఈ సంగతి అత్తయ్యగారికి మీరే చెప్పండి. మీరు కొట్టేద్దామన్నప్పట్నుంచి ఆవిడ పెరటి తలుపు తియ్యలేదు.