శామ్యూల్ గడ్డం

లావణ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. గ్వెల్ఫ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ మనం గుడ్లు కొనే, కార్లూ కరెంటూ వద్దనే ఆ ఆమిష్ క్రైస్తవుల పొలానికి మళ్లీ వెళ్లాను, ఒక్కణ్ణే. గుర్రబ్బండి పక్కన నీ శామ్యూల్ ఉన్నాడు. "ఇవాళ నన్ను చూసి నవ్వాడ్రా!" అని దారంతా నా బుర్ర తినేదానివే, అతనే. గడ్డం పెంచాడు. నీ మీద బెంగతోనే అనుకున్నాను. అసూయ పడ్డాను, మరుక్షణమే అతన్ని కావలించుకోవాలనిపించింది.

ఇంతలో ఒకమ్మాయి గుడ్ల ట్రే తెచ్చింది.

"నా భార్య. పెళ్లయితే మాలో మగవాళ్లు గడ్డం పెంచుతారు" అన్నాడు శామ్యూల్, గడ్డం నిమురుకుంటూ.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నీ ప్రేమ సంగతి అతనికి తెలియదు. నా సంగతి నీకూ తెలియదుగా.

అప్పుడతను నా గడ్డం చూశాడు. నువ్వు పోయినప్పటి నుంచి నేను గీసుకోలేదు.

"ఓ, మీకూ పెళ్లయిందా! మీతో వచ్చే ఆ అమ్మాయేనా?"

కాదని చెప్పడానికే నోరు తెరిచాను. "అవును" అన్నాను.

పెళ్లి కానుకంటూ ఒక ట్రే ఊరికే ఇచ్చాడు. నీ సీట్లో పెట్టుకుని తెచ్చాను. ఆ గుడ్లు వండుకోనా, వద్దా? నువ్వే చెప్పు.