ఏడు ట్రిప్పులు

జూన్ 3, మంగళవారం

సాయంత్రం అసోసియేషన్ సెక్రటరీ వచ్చారు. చేతిలో ఒక ఫిర్యాదు. దిద్ది పెట్టమన్నారు. ఈ భవనంలో నోటీసైనా, ఉత్తరమైనా నా కలం తగలనిదే గోడ ఎక్కదు. మనసులో పెట్టుకోకండి మాస్టారూ, అందరూ ప్రాణం తీస్తుంటే తెచ్చాను, మర్యాదగా కుదర్చాలంటే మీరే కుదర్చాలి అని నసిగారు.

రెండో అంతస్తులో అద్దెకుండేవారి పాప రోజూ అరగంట లిఫ్టును వదలడం లేదనీ, ఇంటి యజమాని తగిన చర్య తీసుకోవాలనీ సారాంశం. రెండో అంతస్తులో అద్దెకుండేది మేమే. పాప నా మనవరాలు, ఎనిమిదేళ్ళు. కింద తొమ్మిది సంతకాలు. ఆధారం, మూడేళ్ళ క్రితం నేనే రాసి లిఫ్టులో పెట్టించిన నోటీసు: "పని లేనివారు లిఫ్టులో తిరగరాదు."

ఫిర్యాదు భాష దారుణంగా ఉంది. కర్త ఒకచోట, క్రియ ఒకచోట. ఊరుకోలేకపోయాను. ఎర్రపెన్నుతో దిద్ది ఇచ్చాను.

జూన్ 4, బుధవారం

మనవరాలు థెరపీ నుంచి రాగానే కింది నుంచి పై అంతస్తుకు ఏడుసార్లు వెళ్ళి రావాలి. ఏడు; ఆరు కాదు. అంకెలు వెలిగి ఆరడం చూస్తుంది. తరవాత నెమ్మదిగా భోజనానికి కూర్చుంటుంది. ఏడూ పూర్తికాని రోజున తన మణికట్టు తానే కొరుక్కుంటుంది.

థెరపీ సెంటర్ ఎదురు వీధిలో ఉన్నందుకే ఈ ఇల్లు. అక్కడ సీటు కోసం పద్నాలుగు నెలలు ఎదురుచూశాం. మా అమ్మాయి బ్యాంకు ఉద్యోగం వదులుకుంది. అల్లుడు ఆఫీసు కాగానే పార్సిళ్ళు పంచడానికి పోతాడు. డిసెబిలిటీ సర్టిఫికెట్ ఉంటే ఫీజు సగమే. రెండేళ్ళ క్రితం అమ్మాయి ఆ ఫారం తెచ్చినప్పుడు, మన ఇంటి పిల్లకు అటువంటి కాగితం అక్కర్లేదన్నాను. మళ్ళీ అడగలేదు. ఇరుగుపొరుగుకు మాత్రం, పాపకు సిగ్గెక్కువ అని చెబుతూ వచ్చాను.

జూన్ 8, ఆదివారం

ఇంటి యజమాని వచ్చి నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. ఏదో చెప్పి సర్దేద్దామనుకున్నానండీ, ఈ ఉత్తరం చూశాక నోరు పెగల్లేదు, లాయరు రాసినట్టుంది అన్నాడు. ఒక్క క్షణం సంతోషించాను. రాయక తప్పదు కనుక రాస్తున్నాను.

అమ్మాయి ఉత్తరం అందుకుని రెండుసార్లు చదివింది. ఈ బిల్డింగులో సెమికోలన్ పెట్టేది మీరొక్కరే కదా నాన్నా, అంది.

జూన్ 9, సోమవారం

అమ్మాయి కాఫీ నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

జూన్ 12, గురువారం

మూడు ఇళ్ళు చూశాం. ఒకచోట ముందు పాపను చూపించమన్నారు. చూశాక, ఫోన్ చేస్తామన్నారు.

జూన్ 17, మంగళవారం

నిన్న, ఆ ఫారం ఉందా అని అడిగాను. అల్మారాలోనే ఉంది, సగం నింపి. మిగతా సగం నేను నింపాను. ఆటిజం అని నా చేత్తో రాయడం ఇదే మొదలు.

ఇవాళ ఆసుపత్రి క్యూలో నాలుగు గంటలు. పాప నేలమీద పడి అరిచింది. వెనకున్నావిడ, రెండు తగిలిస్తే దారికొస్తుంది, గారాబం ఎక్కువైంది అంది. నా సర్వీసులో అదే మాట ఎందరు తల్లులతో అన్నానో. వెళ్ళి పాప పక్కన నేలమీద కూర్చున్నాను. ఇస్త్రీ ప్యాంటు పాడైంది. మెడికల్ బోర్డుకు వచ్చే నెల రమ్మన్నారు.

జూన్ 22, ఆదివారం

అసోసియేషన్ మీటింగ్. జవాబు అమ్మాయే రాసి, చదవండి చాలు అంటూ నా చేతికిచ్చింది. ఏడు ట్రిప్పులు, పాప వెంట పెద్దవాళ్ళొకరు, ఎవరొచ్చినా ఎక్కించుకుంటాం. ఇల్లు మారి దూరం పోతే థెరపీ సీటు పోతుంది. ఇంతే విషయం. రెండు తప్పులున్నాయి. ఉన్నవి ఉన్నట్టే చదివాను.

తరవాత, సిగ్గు అన్నది నేను చెప్పిన అబద్ధమనీ, ఫిర్యాదు దిద్దింది నేనేననీ చెప్పాను. పై అంతస్తు పళ్ళ డాక్టరమ్మ, ఆ ముక్క ముందే ఏడ్చి ఉంటే నేను సంతకం పెట్టేదాన్నా మాస్టారూ, అని అందరి ముందూ కడిగేసింది. ఐదుగురు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. నలుగురు తీసుకోలేదు. యజమాని ఆర్నెల్లు చూద్దామన్నాడు.

జూన్ 23, సోమవారం, సా. 6.10

రోజూ పాప వెంట అమ్మాయి వెళ్ళేది. ఇవాళ నేను వెళ్ళాను. నాలుగో ట్రిప్పులో సెక్రటరీ ఎక్కారు. బటన్ మీద వేలు పెట్టి, ఎందాకా మాస్టారూ, అన్నారు. నోటీసు ఆయన భుజం పక్కనే ఉంది.

పనేమీ లేదు, తిరుగుతున్నాం. ఇంకా మూడున్నాయి అన్నాను.